కొందరి బలహీనతను బట్టి
(రేడియో ప్రసంగ పాఠము)

 పెద్దపంజాణి, పుంగనూరు, పలమనేరు, మదనపల్లె, కుప్పం ప్రాంతాలలో రేడియో దగ్గర కూర్చున్న పెద్దలకు, తల్లులకు, యౌవనులకు, పాలు పిండుతూ చెవి ఇటు పెట్టినవారికి కూడా నా వందనములు.

నేటి మన ధ్యానానికి వాక్యభాగము గలతీయులకు వ్రాసిన పత్రిక 2వ అధ్యాయము, 11వ వచనము మొదలు 14వ వచనము వరకు. బైబిలు దగ్గర ఉన్నవారు తెరచి పెట్టుకోండి. లేనివారు వినండి, నేను కథగా చెబుతాను.

అంతియొకయ అనే పట్టణంలో ఒక సంఘం ఉండేది. యూదులూ, యూదులు కానివారూ కలిసి ఒకే బల్ల దగ్గర కూర్చుని భోజనం చేసేవారు. పేతురు అక్కడికి వచ్చాడు. ఆయనా వారితో కూర్చుని తిన్నాడు. కొన్నాళ్లకు యెరూషలేము నుండి కొందరు వచ్చారు. వాళ్లను చూసి పేతురు మెల్లగా లేచాడు. యూదులు కానివారితో తినడం మానుకున్నాడు. ఆయన ఎవరినీ తిట్టలేదు, కొట్టలేదు. ఊరకే లేచి వేరే చోట కూర్చున్నాడు. ఆయన లేచేసరికి మిగతా యూదులూ లేచారు. చివరకు బర్నబా అంతటివాడు కూడా లేచాడు.

అప్పుడు పౌలు ఏం చేశాడు? పేతురును పక్కకు పిలిచి గుసగుసలాడలేదు. అందరి ఎదుట ముఖాముఖిగా నిలదీశాడు. పేతురు చిన్నవాడా? సంఘానికి స్తంభం వంటివాడు. అయినా పౌలు ఊరుకోలేదు. ఎందుకు? బల్ల రెండైతే సువార్త కూడా రెండవుతుంది. రెండు సువార్తలు లేవు గనుక ఊరుకోలేదు.

నా ప్రియులారా, బల్ల దగ్గర నుండి ఒక మనిషి లేచి పోవడం చిన్న విషయంగా కనబడుతుంది. అది ఎంత దూరం పోతుందో ఈ రోజు ఒక దేశపు చరిత్రలో చూద్దాం. ఆ దేశం దక్షిణాఫ్రికా.

అక్కడ కేప్ ప్రాంతంలో డచ్చివారి సంస్కరణ సంఘం ఉండేది. తెల్లవారు, నల్లవారు, మిశ్రమ జాతివారు అందులో సభ్యులు. ప్రభురాత్రి భోజనం నల్లవారితో కలిసి తీసుకోలేమని కొందరు తెల్లవారు గొణిగారు. 1829లో ఈ సంగతి సంఘ మహాసభ ముందుకు వచ్చింది. మహాసభ ఒప్పుకోలేదు. ప్రభువు బల్ల దగ్గర రంగు భేదం కూడదని తీర్మానించింది. మంచి తీర్మానం. కానీ గొణుగుడు ఆగలేదు. 28 ఏళ్లు గడిచాయి. 1857లో మళ్లీ మహాసభ కూడింది. ఈసారి తీర్మానం మారింది. అందరూ కలిసి ఉండటమే మంచిది, అదే వాక్యానుసారం, అయితే కొందరి బలహీనతను బట్టి, అవసరమైన చోట వేరే మందిరంలో వేరుగా ఆరాధన జరుపుకోవచ్చు అన్నారు.

గమనించారా? వేరుగా ఉండటం సత్యమని వాళ్లు అనలేదు. కలిసి ఉండటమే సత్యమని ఒప్పుకుంటూనే, బలహీనులకోసం కొంచెం సర్దుకుపోదాం అన్నారు. ఇంతకూ ఎవరు బలహీనులు? భూములున్నవారు, తుపాకులున్నవారు, సభలో ఓటున్నవారు. వారి బలహీనత కోసం బలం లేనివారు మందిరం నుండి లేచి పోవలసి వచ్చింది.

ఈ సంగతి మనకెందుకని అనుకుంటారేమో. మన మదనపల్లె ప్రాంతానికి సువార్త తెచ్చిన ఆర్కాటు మిషన్‌ను పంపింది అమెరికాలోని డచ్చి సంస్కరణ సంఘమే. జేకబ్ చాంబర్లేన్ దొరగారు 1863లో మదనపల్లెకు వచ్చింది ఆ సంఘం తరఫునే. కేప్ సంఘమూ, మనకు మిషనరీలను పంపిన సంఘమూ ఒక తల్లి పిల్లలే. అంటే మన పెదనాన్న ఇంటి సంగతి చెబుతున్నాను, పరాయి ఇంటి సంగతి కాదు.

ఇంకొక మాట. కేప్ మహాసభకు 7 ఏళ్ల ముందు, 1850లో, మద్రాసులో మిషనరీల సభ ఒకటి జరిగింది. అక్కడ కులం సంగతి వచ్చింది. కులం విడిచిపెట్టానని నోటితో చెబితే చాలదు, ఏ కులంనుండి వచ్చిన విశ్వాసి అయినా వండి పెట్టిన భోజనం తినాలి, అప్పుడే విడిచిపెట్టినట్టు లెక్క అని ఆ సభ తీర్మానించింది. మద్రాసులో భోజనమే పరీక్ష అన్నారు. కేప్‌లో భోజనం దగ్గరే సర్దుకుపోయారు. ఈ రెండు తీర్మానాలూ మనసులో పెట్టుకోండి. చివర మళ్లీ వాటి దగ్గరికి వస్తాను.

1857లో నాటిన విత్తనం ఏమైంది? 1881లో మిశ్రమ జాతి విశ్వాసులకు ఏకంగా వేరే సంఘమే ఏర్పాటు చేశారు. మందిరం తర్వాత బడి, బడి తర్వాత రైలు పెట్టె, ఆసుపత్రి, సముద్రపు ఒడ్డు, శ్మశానం. 1948లో నేషనల్ పార్టీ గెలిచి వేరుగా ఉంచడమనే ఆచారాన్ని రాజ్య విధానంగా చేసింది. దానికే అపార్తీడ్ అని పేరు. ఆ ప్రభుత్వపు ప్రధానమంత్రి డి.ఎఫ్. మలాన్ ఎవరనుకున్నారు? రాజకీయాల్లోకి రాకముందు అదే డచ్చి సంఘంలో కాపరి. బల్ల దగ్గర మొదలైన వేర్పాటు 91 ఏళ్లకు పార్లమెంటుకు చేరింది.

ఆ చట్టాల కింద నలిగినవారిలో మన తెలుగువారూ ఉన్నారు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుండి డర్బన్ రేవుకు చేరింది. నేటాలు చెరకు తోటల్లో పని చేయడానికి కూలి ఒప్పందం మీద వెళ్లిన మొదటి ఓడ అది. 1911 వరకు అలా సుమారు 1,52,000 మంది మన దేశంనుండి వెళ్లారు. వారిలో ఉత్తర ఆర్కాటు జిల్లావారు చాలామంది. ఆ కాలంలో మన పలమనేరు, పుంగనూరు సీమ ఉన్నది ఆ జిల్లాలోనే. కరువుకు తాళలేక వెళ్లినవారు, అప్పు తీర్చలేక వెళ్లినవారు, ఊరిలో అంటరానితనం భరించలేక వెళ్లినవారు వారిలో ఉన్నారు. మీ తాత ముత్తాతల కాలంలో, ఓడెక్కి పోయినాడు మళ్లీ రాలేదని చెప్పుకునే మనిషి మీ ఇంట్లో కూడా ఉండవచ్చు.

వారికోసం నెల్లూరు తెలుగు బాప్టిస్టు సంఘాలు చందాలు వేసుకుని 1903లో జాన్ రంగయ్యగారిని నేటాలుకు పంపాయి. ఆయన కియర్స్నీ తేయాకు తోటల్లో తెలుగు కూలీల మధ్య సంఘం కట్టారు. తెల్లదొరల డబ్బుతో కాదు, మన తెలుగు విశ్వాసుల కానుకలతో జరిగిన మిషన్ పని అది.

అలాంటి కుటుంబాల మీద 1950లో గ్రూప్ ఏరియాస్ చట్టం పడింది. ఏ జాతివాడు ఏ వీధిలో ఉండాలో ప్రభుత్వమే గీత గీసింది. డర్బన్‌లో కేటో మేనర్ అనే చోట భారతీయ కుటుంబాలు తోటలు వేసుకుని, గుళ్లు, బడులు కట్టుకుని బ్రతికేవి. వారిని లేపి చాట్స్‌వర్త్ లాంటి కొత్త వాడలకు పంపారు. నల్లవారి బాధ ఇంతకంటే ఘోరం. 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో గుర్తింపు పుస్తకాల చట్టాన్ని నిరసించిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపితే 69 మంది చనిపోయారు.

నా ప్రియులారా, అంతియొకయలో పేతురును నిలదీయడానికి పౌలు ఉన్నాడు. దక్షిణాఫ్రికాను ఎవరు నిలదీశారు? మొదట ఆ దేశపు నల్లజాతి ప్రజలే లేచారు, జైళ్లకు వెళ్లారు, ప్రాణాలిచ్చారు. వారి పక్కన లోకం నలుమూలల నుండి ఎందరో నిలబడ్డారు. అందులో మొదటి అడుగు మన దేశానిది. 1946లో, మనకు ఇంకా స్వతంత్రం రాకముందే, భారతదేశం దక్షిణాఫ్రికాతో వర్తకం నిలిపివేసింది. మన ఎగుమతుల్లో సుమారు 5 శాతం ఆ దేశానికి పోయేది. అది వదులుకుంది. అదే సంవత్సరం ఈ ఫిర్యాదును ఐక్యరాజ్యసమితి ముందు పెట్టింది.

ఆ సంవత్సరమే నెల్లూరు జిల్లాలో పుట్టిన ఒక యువకుడు చదువుకోసం న్యూయార్కు వెళ్లాడు. పేరు ఏనుగ శ్రీనివాసులు రెడ్డి. ఆయన తండ్రి స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు వెళ్లినవారు. తల్లి హరిజన సేవకోసం గాంధీగారికి తన నగలు ఇచ్చిన తల్లి. ఈయన 1949లో ఐక్యరాజ్యసమితిలో ఉద్యోగంలో చేరారు. 1962లో ఆ సమితి అపార్తీడ్‌పై ప్రత్యేక సంఘాన్ని నియమించింది. పెద్ద పెద్ద పాశ్చాత్య దేశాలు అందులో చేరడానికి ముందుకు రాలేదు. 1963లో దానికి రెడ్డిగారు కార్యదర్శి అయ్యారు. తర్వాత అపార్తీడ్ వ్యతిరేక కేంద్రానికి 1976 నుండి 1984 వరకు అధిపతిగా ఉన్నారు. ఆయన చేసినది కాగితాల పని. సాక్ష్యాలు కూర్చడం, ఖైదీల కుటుంబాలకు సహాయం అందే దారి చూడటం, ఏ దేశం మాట తప్పి ఆయుధాలు అమ్ముతుందో లోకానికి చెప్పడం. 1977లో భద్రతామండలి దక్షిణాఫ్రికాకు ఆయుధాలు అమ్మరాదని అన్ని దేశాలకూ ఆజ్ఞ ఇచ్చింది. రెడ్డిగారు 2020లో కన్నుమూశారు. ఆయన మన సంఘస్థుడు కాదు. అయినా తన ఊరు కాని ఊరిలో, తనవారు కాని వారికోసం ఉద్యోగ జీవితమంతా పెట్టాడు. వాక్యం చేతిలో ఉన్న మనం ఆయన ముందు తల వంచవలసిందే.

మామూలు మనుషులు కూడా నిలబడ్డారు. 1974లో మన టెన్నిసు జట్టు డేవిస్ కప్పు ఫైనలుకు చేరింది. ఎదుట జట్టు దక్షిణాఫ్రికా. మన దేశం ఆడనంది. కప్పు వారికే పోయింది. పదేళ్ల తర్వాత, 1984లో, ఐర్లండు దేశం డబ్లిన్‌లో మేరీ మానింగ్ అనే 21 ఏళ్ల అమ్మాయి ఒక దుకాణంలో బిల్లులు వేస్తూ ఉండేది. దక్షిణాఫ్రికా పండ్లకు తాను బిల్లు వేయనంది. పని నుండి పంపేశారు. తోటి పనివారు కొందరు ఆమెతో బయటికి వచ్చారు. సుమారు మూడేళ్లు వీధిలో నిలబడ్డారు. 1987లో ఆ ప్రభుత్వం దక్షిణాఫ్రికా పండ్లు, కూరగాయల దిగుమతినే నిషేధించింది.

మరి సంఘం ఏం చేసింది? ఆలస్యంగా లేచింది, కానీ లేచింది. 1982లో కెనడా దేశం ఒట్టావాలో ప్రపంచ సంస్కరణ సంఘాల కూటమి సమావేశమైంది. ప్రభుభోజన ఆరాధన జరుగుతుంటే దక్షిణాఫ్రికా నుండి వచ్చిన నల్లజాతి, మిశ్రమ జాతి ప్రతినిధులు కొందరు బల్ల దగ్గరికి రాలేదు. మా దేశంలో మా తెల్ల సహోదరులు మాతో కలిసి పుచ్చుకోనిది ఇక్కడ ఎలా పుచ్చుకుంటామని వారి బాధ. ఆ సభ వారి మాట విన్నది. అపార్తీడ్‌ను సమర్థించే బోధ దుర్బోధ అని ప్రకటించింది. రెండు తెల్ల సంఘాల సభ్యత్వాన్ని నిలిపివేసింది. పౌలు చేసిన పని అది. ముఖాముఖిగా, అందరి ఎదుట.

దానికి ఫలం లేకపోలేదు. 1990లో రస్టెన్‌బర్గ్ సభలో విల్లీ యోంకర్ అనే డచ్చి సంఘపు వేదపండితుడు లేచి, తన పాపాన్నీ తన సంఘపు పాపాన్నీ అందరి ముందు ఒప్పుకున్నాడు. ఆ సంవత్సరమే ఫిబ్రవరి 11న నెల్సన్ మండేలా 27 ఏళ్ల తర్వాత చెరనుండి బయటికి వచ్చాడు. 1994 ఏప్రిల్ 27న అన్ని జాతులవారూ మొదటిసారి ఒకే వరుసలో నిలబడి ఓటు వేశారు. ఒకే వరుస. 1857లో మందిరంలో విడగొట్టిన వరుస 137 ఏళ్లకు ఓటు పెట్టె దగ్గర మళ్లీ కలిసింది.

ఇక్కడితో ఆపితే మీకు సంతోషంగా ఉంటుంది. మన దేశం ఎంత గొప్పదని అనుకుని రేడియో కట్టేస్తారు. ఇంకా కొంచెంసేపు కట్టకండి.

2001లో అదే డర్బన్ పట్టణంలో, ట్రూరో ఓడ చేరిన ఆ రేవులోనే, జాతి వివక్షకు వ్యతిరేకంగా ప్రపంచ మహాసభ జరిగింది. మన దేశంనుండి దళితులు వెళ్లి మా బాధ కూడా రాయండని అడిగారు. కులం వేరు, జాతి వేరు, అది మా ఇంటి సంగతి అని మన ప్రభుత్వం అడ్డుపడింది. 1946లో ఇది మా ఇంటి సంగతి అని దక్షిణాఫ్రికా చెప్పిన జవాబును 55 ఏళ్లకు మనమే చెప్పాము. అయిదేళ్ల తర్వాత, 2006 డిసెంబరులో, అప్పటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్‌గారు అంటరానితనాన్ని అపార్తీడ్‌తో పోల్చి మాట్లాడారు. ఆ మాట అన్నందుకు ఆయనను గౌరవిస్తాను.

కానీ ప్రభుత్వం మీద నెపం వేయడానికి నేను ఈ మైకు ముందుకు రాలేదు. నా సంగతి చెప్పడానికి వచ్చాను.

నేను సెమినరీలో చదువుతున్నప్పుడు సంఘ చరిత్ర పరీక్షలో 1857 కేప్ మహాసభ గురించి ప్రశ్న వచ్చింది. నాలుగు పేజీలు వ్రాశాను. మంచి మార్కులు వచ్చాయి. పరిచర్యలోకి వచ్చిన కొత్తలో నాకు ఒక పల్లె సంఘం ఇచ్చారు. ఊరి పేరు చెప్పను. ఆ సంఘంలో రెండు వాడలవారు ఉండేవారు. రెండూ ఊరి చివర ఉన్న వాడలే. ఊరివారు ఇద్దరినీ దూరంగానే పెట్టారు. అయినా వీరిలో వీరికి ఎక్కువ తక్కువలు ఉన్నాయి. ఆ వాడల పేర్లు నేను చెప్పకపోయినా మీకు తెలుసు. మందిరంలో ఒకరు కుడివైపు, ఒకరు ఎడమవైపు. అలవాటు అన్నారు. ఊరుకున్నాను.

ఒక శనివారం రాత్రి ఒక పెద్దమనిషి మా ఇంటికి వచ్చాడు. "అయ్యగారూ, రేపు సంస్కారం గదా. పాత్ర ఒకటే గదా. ముందు మా పక్కోళ్లకు ఇచ్చేయండి, ఆనక వాళ్లకు ఇద్దురు. గలాటా ఉండదు" అన్నాడు. నాకు పెళ్లయి ఏడాది. జీతంలో సగం ఆ సంఘపు కానుకలనుండే రావాలి. కొన్నాళ్లు పోతే వాళ్లే మారతారులే, ఇప్పటికి బలహీనులు అని నాకు నేను చెప్పుకున్నాను. సరే అన్నాను. పరీక్షలో నాలుగు పేజీలు వ్రాసిన చేయి ఆదివారం పాత్ర పట్టుకుని ముందు కుడివైపుకు నడిచింది.

ఎడమవైపున ఒక ముసలి తల్లి ఉండేది. ఆదివారం అందరికంటే ముందు వచ్చి గుడి చిమ్మి, గడపకు నీళ్లు చల్లేది. ఆ రోజు ఆమె బల్ల దగ్గరికి రాలేదు. తర్వాత నెల కూడా రాలేదు. ఒంట్లో బాగలేదేమోనని వాళ్ల ఇంటికి వెళ్లి అడిగాను. సంగటి కెలుకుతూ తల ఎత్తకుండానే చెప్పింది. "ఒకరు తాగినాక మిగిలింది తాగేదానికి రెడ్డోళ్ల ఇండ్లు ఉండాయి గదయ్యా. దానికి గుడికి రావల్లా?"

నేను అక్కడ ఏమీ మాట్లాడలేకపోయాను. ఆమెకు గలతీ పత్రిక చదవడం రాదు. నన్ను ముఖాముఖిగా నిలదీసింది మాత్రం ఆమే.

మరుసటి నెల సంస్కారానికి ముందు సంఘంలో నా తప్పు ఒప్పుకున్నాను. కుడి ఎడమల చాపలు తీసేయించాను. ఆ ముసలి తల్లిని ముందుకు పిలిచి మొదటి పాత్ర ఆమెకిచ్చాను. మూడు కుటుంబాలు లేచి బయటికి వెళ్లాయి. ఎనిమిది నెలలు సంఘంలో గలాటా. మా ఇంట్లో కూడా కష్టంగానే గడిచింది. వెళ్లినవారిలో ఒక కుటుంబం తిరిగి వచ్చింది. రెండు రాలేదు. వారికోసం ఈనాటికీ ప్రార్థిస్తున్నాను. అంతా బాగైపోయిందని మీకు చెబితే అబద్ధమవుతుంది. కానీ ఆ గుడిలో పాత్ర ఇప్పుడు ఎవరు ముందు కూర్చుంటే వారికి ముందు పోతుంది.

నా ప్రియులారా, మన ఊళ్లలో టీ అంగట్లో రెండు గ్లాసులు పెడితే మనకు కోపం వస్తుంది. రావాలి. అది చట్టం ప్రకారం నేరం. కానీ మన గుడిలో కనబడని రెండు గ్లాసులు ఉంటే, మన కోపానికి ఎవరు విలువ ఇస్తారు? కొన్ని చోట్ల సమాధుల స్థలంలో మధ్య గోడ కట్టుకున్నాము. పునరుత్థానపు ఉదయాన ప్రభువు ఆ గోడకు ఇవతలి వైపు ఒకసారి, అవతలి వైపు ఒకసారి పిలుస్తాడనుకుంటున్నామా? సంబంధం చూసేటప్పుడు పిల్లవాడు రక్షణ పొందాడా అని మొదట అడుగుతాము. రెండో ప్రశ్న గొంతు తగ్గించి అడుగుతాము. ఆ రెండో ప్రశ్న ఏమిటో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

మద్రాసు తీర్మానం, కేప్ తీర్మానం మనసులో పెట్టుకోమన్నాను. మన తాతలకు బాప్తిస్మం ఇచ్చిన రోజుల్లో మద్రాసు తీర్మానం మన సంఘాలకు పునాది. ఈనాడు మనం నడుచుకుంటున్నది దేని ప్రకారం? మీ సంఘంలో ఈ వారం అడిగి చూడండి.

డబ్లిన్‌లో ఆ అమ్మాయి లోకాన్ని మార్చేద్దామని బయలుదేరలేదు. తన చేతికి వచ్చిన పండ్లకు బిల్లు వేయనంది. మీ చేతికి వచ్చేది ఏమిటి? సంఘ పెద్దలైతే కూర్చునే వరుస. కాపరులైతే పాత్ర. తల్లులైతే ఇంటికి వచ్చినవారికి నీళ్లిచ్చే చెంబు. యౌవనులైతే స్నేహితుడి పెళ్లిలో ఎవరి పక్కన కూర్చుని తింటారన్నది. పేతురు లేచిన చోట మీరు లేవకండి. లేచి ఉంటే తిరిగి వచ్చి కూర్చోండి. పేతురు కూడా ప్రభువుకు దూరం కాలేదు, తన పరిచర్య విడువలేదు. మనకూ తిరిగి వచ్చే దారి ఉంది.

ప్రార్థన చేసుకుందాము.

పరిశుద్ధుడవైన తండ్రీ, దూర దేశపు పాపం మాకు బాగా కనబడుతుంది, మా చాప కింద ఉన్నది కనబడదు. మా కళ్లు తెరువుము. ఎవరి బలహీనత పేరు చెప్పి ఎవరిని నీ బల్ల నుండి లేపివేశామో మాకు జ్ఞాపకం చేయుము. లేచి వెళ్లినవారిని, లేపివేయబడినవారిని, ఇద్దరినీ తిరిగి తీసుకురమ్ము. మా గుళ్లలో ఒకే వరుస, ఒకే పాత్ర, ఒకే సమాధుల స్థలం ఉండేలా మాకు ధైర్యమిమ్ము. యేసు నామమున అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.